ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత
విహార నౌకల్లో అగ్ని ప్రమాదాలు - ప్రయాణికులు విసుక్కునే ఒక కసరత్తు కథ

2022 జూన్ 8వ తేదీన 'ఎంప్రెస్' అనే విహార నౌక విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు నగరంలో ఎక్కడ విన్నా దాని గురించిన ముచ్చట్లే. 1990లో ఫ్రాన్సులో తయారై, చాలాకాలం అమెరికా సముద్రాల్లో తిరిగిన ఓడ అది. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు విహార యాత్ర. టిక్కెట్టు ఎంత, భోజనంలో ఏమేమి వడ్డిస్తారు, ఈతకొలను ఎన్నో అంతస్తులో ఉంది, రాత్రిపూట ఆటపాటలు ఏమిటి అన్న ప్రశ్నలకు జనం ఓపికగా సమాధానాలు రాబట్టుకున్నారు. నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంటే ఎటు పరుగెత్తాలి అని అడిగిన వాళ్ళు మాత్రం అరుదు. అందులో వింతేమీ లేదు. శుభమా అని బయలుదేరుతున్న వేళ అటువంటి మాట ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు.

ఆ మాట ఎత్తవలసిన బాధ్యత ఓడ కెప్టెన్‌ది. సైరను ఏడుసార్లు పొట్టిగా కూసి, ఎనిమిదోసారి పొడుగ్గా కూస్తుంది. ఏ దేశపు ఓడలోనైనా, ఏ భాష వారికైనా దీని అర్థం ఒక్కటే: 'ఆపద వచ్చింది, అందరూ మీ మీ స్థలాలకు చేరండి'. ఓడ బయలుదేరే ముందు ప్రయాణికులకు జరిపే రక్షణ కసరత్తులో ఈ కూతనే వినిపిస్తారు. ప్రతి గది తలుపు లోపలి వైపు ఒక పటం అంటించి ఉంటుంది. ఆ గదివారు ఏ మెట్లెక్కి ఏ స్థలానికి చేరాలో అందులో గీసి ఉంటుంది. ఆ స్థలాన్ని నావికులు 'మస్టర్ స్టేషన్' అంటారు. ప్రయాణికులు అక్కడికి చేరి హాజరు వేయించుకోవాలి. లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో, నాడాలు ఎలా బిగించుకోవాలో చూడాలి. మొత్తం అరగంట పని.

ఈ అరగంట అంటే విహార యాత్రికులకు మహా విసుగు. డబ్బు పోసి వచ్చింది బడిపిల్లల్లా వరసలో నిలబడడానికా అని గొణుక్కుంటారు. స్నానాల గదిలో దాక్కునేవారు కొందరు, పిల్లవాడు నిద్రపోతున్నాడని చెప్పేవారు కొందరు. ఓడలో నిప్పు అంటే ఏమిటో తెలిసినవారు ఇలా అనుకోరు.

మన గోదావరి మీద పాపికొండల వైపు వెళ్ళే పర్యాటకుల బోటు ఒకటి 2018 మే 11న దేవీపట్నం మండలంలో తగలబడింది. బోటును ఒడ్డుకు చేర్చగలిగారు కనుక ప్రయాణికులంతా ప్రాణాలతో బయటపడ్డారు. నదిలో ఒడ్డు కనుచూపు మేరలో ఉంటుంది. ఊళ్ళో కొంప అంటుకుంటే ఇరుగుపొరుగు బిందెలతో పరుగెత్తుకొస్తారు, కాస్త వెనకాముందుగా ఫైరింజను వస్తుంది. సముద్రం మధ్య ఊరూ ఓడే, ఫైరింజనూ ఓడే, ఆసుపత్రీ ఓడే. మంటలార్పడానికి గొట్టాలు పట్టవలసిన వారిలో సగం మంది, గంట క్రితం వరకు కూరలు వడ్డించినవాళ్ళు, పక్కలు దులిపినవాళ్ళు.

610వ గది

1965 నవంబరు 12, శుక్రవారం. సాయంత్రం 5 గంటలకు అమెరికాలోని మయామీ రేవు నుంచి 'యార్మత్ క్యాజిల్' అనే ఓడ బహామా దీవుల్లోని నస్సావుకు బయలుదేరింది. రాత్రి పడుకుని లేస్తే నస్సావు, అంతే ప్రయాణం. ఓడలో 376 మంది ప్రయాణికులు, 176 మంది సిబ్బంది. 1927లో కట్టిన ఓడ. గోడలకు చెక్క పలకలు, వాటి మీద ఏళ్ళ తరబడి పూతకు పూతగా వేసిన రంగులు. అమెరికా రేవు నుంచి అమెరికా ప్రయాణికులను ఎక్కించుకుని తిరిగినా, ఓడ మీద ఎగిరేది పనామా జెండా. అందువల్ల అమెరికా తన సొంత ఓడలకు విధించిన కట్టుదిట్టమైన నిబంధనలు దీనికి వర్తించలేదు.

ఓడలో 610వ నంబరు గదిని ప్రయాణికులకు ఇవ్వడం లేదు. అందులో పరుపులు, పాత సామాను పడేశారు. ఓడలో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఉన్నాయి కాని ఈ గదిలో లేవు. అర్ధరాత్రి దాటాక ఆ గదిలోనే నిప్పు రాజుకుంది. దీపానికి మరీ దగ్గరగా పరుపులు పేర్చడం వల్ల అంటుకుని ఉండవచ్చునన్నది ఒక అనుమానం. అసలు కారణం ఇదమిత్థమని తేలలేదు.

పొగ వాసన తగిలిన సిబ్బంది అది ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకడంలోనే విలువైన సమయం గడిచిపోయింది. గది తెరిచేసరికి మంట నడవాలోకి దూకింది. ఓడ మధ్యలోని మెట్లదారి పొగగొట్టంలా పనిచేసి నిప్పును పై అంతస్తులకు లాగింది. చెక్క పలకలు, వాటి మీది రంగు అగ్గికి ఆజ్యం పోశాయి. వైర్‌లెస్ గది కూడా అంటుకోవడంతో ఆపదలో ఉన్నామని ఓడ నుంచి ఒక్క సందేశం కూడా వెళ్ళలేదు. నిద్రపోతున్నవారు చాలామంది అలారం విని లేవలేదు. నడవాల్లో కేకలు, పరుగుల చప్పుడు విని లేచారు.

లేచి ఎటు వెళ్ళాలి? నడవా నిండా పొగ. కిటికీల నుంచి దూరుదామంటే వాటి బిగింపులు తుప్పు పట్టి కదలలేదు. గాజు పగలగొట్టుకుని బయటపడ్డవారు బయటపడ్డారు. డెక్కు మీదికి చేరినా కష్టాలు తీరలేదు. లైఫ్ బోట్లను దించే తాళ్ళ మీద కూడా రంగు పూసి ఉండడంతో అవి కప్పీల్లో బిగుసుకుపోయాయి. ఉన్న పడవల్లో సుమారు సగమే నీటిలోకి దిగాయి. మంటల మీద చిమ్మడానికి గొట్టాల్లో నీటి ఒత్తిడి చాలలేదు. ఓడకు రంగు వేయడం అందం కోసం. తాడుకు కూడా రంగు వేసినవాడికి ఆ తాడు ఎప్పుడైనా నడవాలన్న ధ్యాస లేదనుకోవాలి.

ఎనిమిది మైళ్ళ ముందు వెళ్తున్న 'ఫిన్‌పల్ప్' అనే ఫిన్లాండు సరుకు ఓడ, పన్నెండు మైళ్ళ వెనుక వస్తున్న 'బహామా స్టార్' అనే ప్రయాణికుల ఓడ ఈ మంటలు గమనించి హుటాహుటిన తిరిగి వచ్చాయి. ఫిన్‌పల్ప్ దగ్గరకు ముందుగా చేరిన లైఫ్ బోటులో ఉన్నది తల్లులూ పిల్లలూ కాదు. యార్మత్ క్యాజిల్ కెప్టెన్, ఆయన సిబ్బందిలో కొందరు. వైర్‌లెస్ సందేశం పంపించాలని వచ్చామని కెప్టెన్ చెప్పుకున్నాడు. ఫిన్‌పల్ప్ కెప్టెన్ ఆ మాట పట్టించుకోక, తిరిగి వెళ్ళి మనుషులను తీసుకురమ్మని ఆజ్ఞాపించాడు. అంత రాత్రివేళ ఆ ఇద్దరు కెప్టెన్ల మధ్య జరిగిన ఈ సంభాషణ ఓడల చరిత్రలో నిలిచిపోయింది.

రెండు ఓడలూ కలిసి 465 మందిని కాపాడాయి. తెల్లవారుజామున 6 గంటల 3 నిమిషాలకు యార్మత్ క్యాజిల్ మునిగిపోయింది. దానితోపాటు 87 మంది పోయారు. ఆసుపత్రిలో మరో ముగ్గురు కన్నుమూశారు. మొత్తం 90 మందిలో సిబ్బందికి చెందినవారు ఇద్దరే. ఒక స్టూవర్డెస్, ఓడ డాక్టరు. మిగిలిన 88 మందీ టిక్కెట్టు కొనుక్కుని ఎక్కినవారు. దారి తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఏమిటన్నది ఆ రెండు అంకెల్లోనే ఉంది. సిబ్బందికి ఏ నడవా ఎటు తేలుతుందో చీకట్లో కూడా తెలుసు. ప్రయాణికుడు ఆ సాయంత్రమే ఓడ ఎక్కాడు. భోజనాల గది, తన గది తప్ప మరొకటి ఎరగడు.

ఈ ఘటన తర్వాత అమెరికా 1966లో కొత్త చట్టం చేసింది. ఏ ఓడ ఏ దేశంలో రిజిస్టరైనదో, అది ఏ భద్రతా ప్రమాణాలకు లోబడి నడుస్తున్నదో ప్రకటనల్లోనే ప్రయాణికులకు చెప్పాలని అందులో విధించారు. అంతర్జాతీయ నిబంధనల్లోనూ సవరణలు తలపెట్టారు. అయితే అవి తగినన్ని దేశాల ఆమోదం పొందలేక, చివరికి 1974 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో కలిసి 1980 మే 25న గాని అమలులోకి రాలేదు. 610వ గదిలో నిప్పు రాజుకున్న నాటి నుంచి లెక్కిస్తే పద్నాలుగున్నర ఏళ్ళు.

కాలు జారిన డెక్కు

యార్మత్ క్యాజిల్‌కు ముప్పై ఏళ్ళ ముందే ఇంచుమించు ఇదే కథ ఒకసారి జరిగింది. 1934 సెప్టెంబరు 8 తెల్లవారుజామున హవానా నుంచి న్యూయార్కుకు వస్తున్న 'మారో క్యాజిల్' ఓడ న్యూజెర్సీ తీరంలో తగలబడింది. ఉత్తరాలు రాసుకునే గదిలోని ఒక అలమరలో మంట కనిపించింది. అంతకు కొద్ది గంటల ముందే కెప్టెన్ అకస్మాత్తుగా చనిపోయాడు. కింది అధికారి పగ్గాలు చేపట్టాడు. ఎస్.ఓ.ఎస్. సందేశం పంపమని చెప్పడంలో జాగు జరిగింది. ఓడలోని 549 మందిలో 137 మంది దుర్మరణం పాలయ్యారు. ముందుగా దిగిన పడవల్లో అక్కడా ఎక్కువమంది సిబ్బందే.

ఆ ఓడలో కసరత్తులు ఎందుకు ఆగిపోయాయన్నది వినదగిన సంగతి. అంతకు ముందొకసారి గొట్టాలతో నీళ్ళు చిమ్మి కసరత్తు చేస్తున్నప్పుడు తడి డెక్కు మీద ఒక ప్రయాణికురాలు కాలు జారి పడింది. ఆమె నష్టపరిహారానికి దావా వేసింది. దాంతో ఈ తలనొప్పి మనకెందుకని ఆ కసరత్తునే మానేశారు. ఒక కాలు జారినందుకు చూపిన జాగ్రత్త అది! ఇటువంటి తీర్పు చెప్పే అధికారులు ఒక్క ఓడల్లోనే ఉంటారనుకోవడం పొరపాటు.

నిప్పు కన్నా ముందు పొగ

ఓడ కాలిపోయి మనుషులు చనిపోయారంటే మంటల్లో కాలిపోయారని అనుకుంటాం. చాలామందిని చంపేది పొగ. 1990 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, నార్వేలోని ఓస్లో నుంచి డెన్మార్కుకు వెళ్తున్న 'స్కాండినేవియన్ స్టార్' ఓడలో ఇది మరీ స్పష్టంగా తెలిసివచ్చింది. అంతకు ముందు అమెరికాలో విహార నౌకగా తిరిగి, రెండు తీరాల మధ్య ప్రయాణికులనూ కార్లనూ చేరవేయడానికి కొత్తగా వచ్చిన ఓడ అది. ఎవరో కావాలని నిప్పు పెట్టారు. 159 మంది చనిపోయారు.

ఆ ఓడ నడవాల గోడలకు ప్లాస్టిక్ పూత పలకలు అతికించి ఉన్నాయి. అవి కాలితే బొగ్గుపులుసు వాయువు మాత్రమే కాదు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ కూడా పుడతాయి. ఒకటి రెండు గుక్కలు పీల్చేసరికి మనిషికి తల తిరుగుతుంది. నిలబడిన చోటే కూలబడతాడు. కొందరు గది దాటి బయటకు వచ్చి, బయటికి దారి లేని నడవాలోకి తిరిగి అక్కడే ఒకరి మీద ఒకరు పడిపోయారు. మరికొందరు తడి తువ్వాళ్ళు తలుపు సందుల్లో కుక్కి గదిలోనే ఉండిపోయారు. వారినీ పొగ వదల్లేదు.

సిబ్బందికి ఆ ఓడ కొత్త. చాలామందికి ప్రయాణికుల భాష రాదు. బయలుదేరే ముందు ప్రయాణికులకు కసరత్తు జరగలేదు. అంతకు మించి, సిబ్బంది తమలో తాము కూడా సరైన కసరత్తు చేసి ఉండలేదు. ఓడ చేతులు మారిన వెంటనే టిక్కెట్ల ఆదాయం కోసం తొందరపడి నీటిలోకి తోశారు. ఇటువంటి తొందర తర్వాత ఎంత ఖరీదు పలుకుతుందో ఎవరికి తెలియదు!

ఈ దుర్ఘటన తర్వాత 1992లో నిబంధనలు మళ్ళీ కట్టుదిట్టం చేశారు. పొగను పసిగట్టే పరికరాలు, స్ప్రింక్లర్లు తప్పనిసరి అయ్యాయి. నడవాల్లో నేలకు దగ్గరగా వెలిగే దారి గుర్తులు వచ్చాయి. అవి అంత కిందికి ఎందుకో ఒకసారి ఆలోచిస్తే తెలుస్తుంది. పొగ పైకి లేస్తుంది, పై కప్పుకున్న దీపాలన్నీ ముందు మాయమవుతాయి. నేల మీద పాకుతూ వెళ్ళేవాడికి కనబడవలసింది నేల దగ్గరి దీపమే. విహార నౌక ఎక్కేవారు నడవాలో మొదటి రోజే ఒకసారి వంగి చూస్తే ఆ వెలుగు గీత కనిపిస్తుంది. తమ గది తలుపు నుంచి మెట్ల వరకు ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకుంటే ఇంకా మంచిది. పొగలో కళ్ళు పనిచేయవు. తలుపులు తడుముకుంటూ లెక్కపెట్టే చేతులు పనిచేస్తాయి.

ఇప్పటి పెద్ద ఓడల నిర్మాణంలోనే నిప్పును కట్టడి చేసే ఏర్పాటు ఉంది. ఓడను పొడుగునా సుమారు 40 మీటర్లకు ఒక విభాగం చొప్పున ఉక్కు గోడలతో విడదీస్తారు. వేడిని అడ్డుకునే పూతలున్న ఆ గోడలు ఒక గంటసేపు మంటను అవతలికి పోనివ్వవు. నడవాల్లోని అగ్ని నిరోధక తలుపులను కెప్టెన్ గది నుంచే ఒక్క మీట నొక్కి మూయవచ్చు. తలుపు దానంతట అదే మూసుకుపోతుంటే ప్రయాణికుడు హడలిపోతాడు. నెడితే తెరుచుకుంటుందని అతనికి ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. కసరత్తులో చెప్పేది ఇదే.

నిప్పు ఎక్కడ పుడుతుంది?

ఓడలో నిప్పుకు పుట్టినిల్లు ఇంజను గది. అక్కడ ఇంధనం సన్నని గొట్టాల్లో ఎంతో ఒత్తిడితో పారుతుంది. పక్కనే ఎర్రగా కాలిన ఇంజను భాగాలు. గొట్టానికి వెంట్రుకవాసి చిల్లు పడితే నూనె తుంపరలా చిమ్ముతుంది. ఆ తుంపర వేడి లోహానికి తగిలితే ఇక చెప్పనక్కరలేదు. 2013 ఫిబ్రవరి 10న మెక్సికో సింధుశాఖలో 'కార్నివాల్ ట్రయంఫ్' ఓడకు జరిగింది ఇదే. మంట త్వరలోనే ఆరిపోయింది, ఎవరూ చనిపోలేదు. కాని కరెంటు పోయింది. దాదాపు 4,200 మంది నాలుగు రోజులు సముద్రంలో ఊగుతూ ఉండిపోయారు. ఏసీ లేదు, మరుగుదొడ్లు పనిచేయవు. గదుల్లో ఉండలేక పరుపులు డెక్కు మీదికి లాక్కుని పడుకున్నారు. ఆ నెల 14 రాత్రి చిన్న ఓడలు దాన్ని అలబామాలోని మొబీల్ రేవుకు లాక్కొచ్చాయి. అమెరికా టీవీలు ఆ నాలుగు రోజులూ మరుగుదొడ్ల కథే చెప్పాయి. ఒక గొట్టం కథ చెప్పినవాళ్ళు తక్కువ.

2010 జూలై 1 తర్వాత నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల ఓడల్లో, ఒక ఇంజను గది కాలిపోయినా మిగిలిన సామగ్రితో ఓడ తనంతట తాను రేవుకు చేరగలిగేలా ఏర్పాట్లు ఉండాలన్న నిబంధన వచ్చింది. ట్రయంఫ్ అంతకన్నా పాత ఓడ. విహార యాత్రకు ఓడను ఎంచుకునేవారు ఈతకొలనుతోపాటు ఓడ పుట్టిన సంవత్సరం కూడా అడగడం తప్పు కాదు.

ఇంజను గది ఒక్కటే కాదు. 1998 జూలై 20న 'ఎక్‌స్టసీ' అనే ఓడ మయామీ వదిలి ఎంతో దూరం పోకముందే మంటలు లేచాయి. అవి పుట్టింది లాండ్రీలో. ఆరబెట్టే యంత్రాల నుంచి వచ్చే నూలు పీచు గాలి గొట్టాల్లో అట్టకట్టుకుపోయి ఉంది. అక్కడ వెల్డింగ్ పని చేస్తుంటే రవ్వలు పడ్డాయి. మంట గొట్టాల వెంట పాకి ఓడ వెనుక భాగంలో చుట్టలు చుట్టి పెట్టిన తాళ్ళకు అంటుకుంది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు. దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతకడానికి పెట్టిన గదిలో అగ్గి ఉందని ఎవరూ ఊహించరు గదా.

2006 మార్చి 23 తెల్లవారుజామున కరీబియన్ సముద్రంలో 'స్టార్ ప్రిన్సెస్' ఓడ బాల్కనీల వరస తగలబడింది. ఎవరో పారేసిన సిగరెట్ ముక్క కారణమై ఉంటుందని దర్యాప్తులో భావించారు. గదుల లోపల స్ప్రింక్లర్లు ఉన్నాయి. బాల్కనీలు ఆరుబయట ఉండేవే కదా అని వాటికి నిప్పు భయం లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు, ప్లాస్టిక్ అడ్డుతెరలు, కింద పరిచిన ప్లాస్టిక్ పలకలు. అన్నిటికీ మించి సముద్రపు గాలి. ఒక బాల్కనీ నుంచి మరొక బాల్కనీకి, ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు మంట గెంతింది. ఒక ప్రయాణికుడు పొగకు ఊపిరాడక చనిపోయాడు. గదుల లోపలి స్ప్రింక్లర్లు మంటను లోనికి రానివ్వలేదు కనుక ఓడలోని 3,800 మందికి పైగా ఉన్నవారిలో మిగిలినవారు బతికారు. తర్వాత బాల్కనీలకూ నిబంధనలు వచ్చాయి. పారేసిన సిగరెట్ గాలికి తిరిగి ఓడ మీదికే వస్తుందన్న సంగతి మాత్రం నిబంధనల వల్ల మారదు.

ఇన్ని చెడ్డ కథల మధ్య ఒక మంచి కథ కూడా చెప్పుకోవాలి. 1980 అక్టోబరు 4 అర్ధరాత్రి దాటాక అలాస్కా సింధుశాఖలో 'ప్రిన్సెన్‌డామ్' అనే డచ్చి విహార నౌక ఇంజను గదిలో నిప్పంటుకుంది. ఓడలో దాదాపు 520 మంది. ప్రయాణికుల్లో ఎక్కువమంది అరవై దాటిన వృద్ధులు. సముద్రం మంచులా చల్లగా ఉంది. తెల్లవారకముందే కెప్టెన్ అందరినీ పడవల్లోకి దించాడు. వైర్‌లెస్ పిలుపు అందుకుని 'విలియమ్స్‌బర్గ్' అనే పెద్ద చమురు ఓడ వచ్చింది. అమెరికా, కెనడా హెలికాప్టర్లు పడవల్లోని వృద్ధులను ఒక్కొక్కరినే పైకి లాగాయి. ఒక్క ప్రాణం పోలేదు. ఓడ వారం తర్వాత, ఈ నెల 11న మునిగిపోయింది అన్న వార్త ఆ రోజుల్లో చదివినవారికి అంతగా బాధ కలగలేదంటే ఆశ్చర్యం లేదు. అది ఉత్త ఓడ.

ఇరవై నాలుగు గంటల గడువు

ప్రయాణికులకు కసరత్తు ఎప్పుడు జరపాలి? చాలాకాలం అంతర్జాతీయ నిబంధన ఒక్కటే: వారు ఓడ ఎక్కిన 24 గంటల లోపల. కాగితం మీద ఇది సబబుగానే కనిపిస్తుంది. యార్మత్ క్యాజిల్ ప్రయాణం మొత్తం ఒక్క రాత్రిది. అటువంటి ఓడకు 24 గంటల గడువు ఇస్తే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? నిప్పు ఆ లెక్క చూసుకుని రాదు.

2012 జనవరి 13న ఇటలీ తీరంలో ఈ లోపం లోకమంతా చూసింది. అది అగ్ని ప్రమాదం కాదు గాని గడువు సంగతి తేల్చింది అదే. 4,229 మందితో 'కోస్టా కాంకార్డియా' రాత్రి 7 గంటలు దాటాక చివిటావెక్కియా రేవు వదిలింది. రెండున్నర గంటల్లో జిల్యో దీవి దగ్గర రాతిని కొట్టుకుంది. ఆ రేవులో కొత్తగా ఎక్కిన సుమారు 700 మందికి కసరత్తు మర్నాటికి పెట్టారు. నిబంధన ప్రకారం అందులో తప్పు లేదు! దీపాలు ఆరిపోయినా, కరెంటు లోపమే, కంగారు పడవద్దని ప్రయాణికులకు చెబుతూ వచ్చారు. ఓడ వదలమని ఆజ్ఞ వచ్చేసరికి గంటకు పైగా గడిచింది. అప్పటికి ఓడ ఒరిగిపోయి ఒక వైపు పడవలు దిగడమే కష్టమైంది. 32 మంది మరణించారు. ప్రయాణికులంతా దిగకముందే కెప్టెన్ ఓడ దిగిపోయాడు. ఇటలీ కోర్టు ఆయనకు 16 ఏళ్ళ శిక్ష విధించింది. చనిపోయినవారిలో ముంబయికి చెందిన వెయిటరు ఒకరు. చిట్టచివరగా, 2014 నవంబరులో దొరికిన మృతదేహం అతనిదే.

2015 జనవరి 1 నుంచి నిబంధన మారింది. ఓడ బయలుదేరే ముందు గాని, బయలుదేరిన వెంటనే గాని ప్రయాణికుల కసరత్తు జరగాలి. సిబ్బందికి వారం వారం అగ్నిమాపక కసరత్తు, ఓడ వదిలే కసరత్తు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఓడ వదలమన్న ఆజ్ఞ వచ్చాక అరగంటలోపల పడవలన్నీ నిండా మనుషులతో నీళ్ళ మీదికి దిగగలగాలన్నది లెక్క. వేల మంది ఉన్న ఓడలో అరగంట అంటే ఎంత తక్కువో పెళ్ళి పందిట్లో రెండో బంతి లేపిన వాళ్ళెవరినైనా అడగవచ్చు.

కసరత్తు సిబ్బందికి ఆటా కాదు, నాటకమూ కాదు. ట్రయంఫ్ ఇంజను గదిలో నిప్పంటుకున్న 2013 ఫిబ్రవరి 10నే, అట్లాంటిక్ అవతలి ఒడ్డున కానరీ దీవుల్లోని లా పాల్మా రేవులో 'థామ్సన్ మెజెస్టీ' ఓడ సిబ్బంది కసరత్తు చేస్తున్నారు. లైఫ్ బోటును పైకి లాగుతుండగా ఉక్కు తాడు తెగింది. తాడు లోపల తుప్పు పట్టి ఉంది. పడవ తలకిందులై నీళ్ళలో పడింది. ఐదుగురు చనిపోయారు. ముగ్గురు ఇండొనేసియా వాళ్ళు, ఒకరు ఫిలిప్పీన్స్, ఒకరు ఘనా దేశస్థుడు. ఎవరి ప్రాణాల కోసమో చేసిన సాధనలో పోయిన ప్రాణాలవి.

హోటల్ మేనేజిమెంటు చదివి ఓడల్లో వంటవాళ్ళుగా, సర్వర్లుగా వెళ్ళే మన కుర్రాళ్ళకు ఈ సంగతులు కొత్త కాదు. ఓడ ఎక్కక ముందే మంటలార్పడం, నీళ్ళలో ప్రాణం నిలుపుకోవడం, ప్రథమ చికిత్స నేర్చుకుని సర్టిఫికెట్టు చూపించాలి. గరిటె పట్టే చేతికి గొట్టం పట్టడం కూడా వచ్చి ఉండాలన్నది నియమం. భోజనాల బల్ల దగ్గర నవ్వుతూ వడ్డించే వెయిటరు, సైరను మోగితే ఒక మెట్లదారి మలుపులో రంగు జాకెట్టు తొడుక్కుని నిలబడి దారి చూపిస్తాడు. అతను నిలబడే మలుపు ఏదో ముందే రాసి ఉంటుంది.

2020లో కరోనా వచ్చి గుంపులు కూడడం కష్టమయ్యాక విహార నౌకల కంపెనీలు కసరత్తు పద్ధతి మార్చాయి. ప్రయాణికుడు ఫోనులో గాని, గదిలోని టీవీలో గాని వీడియో చూస్తాడు. తర్వాత తనకు వీలైన వేళ మస్టర్ స్టేషనుకు నడిచి వెళ్ళి కార్డు చూపించి హాజరు వేయించుకుంటాడు. కరోనా తగ్గినా చాలా ఓడల్లో ఈ పద్ధతే నిలిచింది. ఎండలో నిలబెట్టడం లేదని ప్రయాణికులకు సంతోషం. మేలు కొంత ఉంది: హడావుడి లేకుండా ఎవరికి వారు తమ దారిన నడిచి చూసుకోవచ్చు, సందేహం ఉంటే అడగవచ్చు. వీడియో ఆడుతుండగా పెట్టె సర్దుకునేవారి సంగతి వేరు. అయితే నాలుగు వేల మంది ఒక్కసారిగా మెట్లెక్కితే ఎలా ఉంటుందో ఈ పద్ధతిలో ప్రయాణికుడికీ తెలియదు, సిబ్బందికీ తెలియదు.

హాజరు పడనివారి పేర్లు మైకులో పిలుస్తారు. అప్పటికీ రాకపోతే గది తలుపు తడతారు. ససేమిరా అంటే పెట్టె బేడాతో సహా రేవులోనే దింపేసే హక్కు కంపెనీలు టిక్కెట్టు షరతుల్లో రాసుకున్నాయి.